గేటు పక్కన ఉండిపోయిన నీళ్ల డబ్బా

మీ ఇంట్లో కారు దూరప్రయాణానికి బయలుదేరేటప్పుడు ఎవరిని లోపలి గదిలోకి పొమ్మంటారు? "మా ఇంట్లో అలాంటివి లేవండీ" అని తొందరపడకండి. ఆ జవాబు నేను చాలా ఇళ్లలో విన్నాను. ఆ జవాబు అబద్ధమని చెప్పే మనిషిని ఆ ఇళ్ల తలుపుల వెనకే చూశాను కూడా.

పోయిన ఆదివారం పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం పంజాగుట్టలోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగేసరికి అగరుబత్తి పొగ, కొత్త సీట్ల ప్లాస్టిక్, నిమ్మకాయల పచ్చి వాసన కలగలిసి ముక్కుకు తగిలాయి. మూడో అంతస్తు వాళ్లు కొత్త కారు కొన్నారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. మొదటి ప్రయాణం చీరాల దగ్గర వాడరేవుకు, సముద్రం చూడ్డానికి. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి ఉన్నాయి. ఆ ఇంటి పెద్ద కోడలు బ్యాంకులో ఉద్యోగం చేస్తుంది, భర్త పోయి రెండేళ్లయింది. ఆమె మాత్రం కారుకు దూరంగా, లిఫ్టు పక్కన స్తంభం వెనక, ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడి ఉంది. ఆ ఊరి పేరు, ఆ వాసన, ఆ స్తంభం వెనక మనిషి కలిసి నన్ను పదేళ్ల పిల్లవాణ్ని చేసి అమీర్‌పేటలోని మా పాత ఇంటి గేటు ముందు నిలబెట్టాయి.

అప్పటి అమీర్‌పేటలో జామచెట్ల కింద పెంకుటిళ్లు ఉండేవి. మధ్యాహ్నమైతే సందులో మేకలు నీడకు చేరేవి, ఎండాకాలం మేం పిల్లలం గోడల మీద కూర్చుని ఉప్పూకారం అద్దుకుని పచ్చి మామిడికాయలు తింటూ అటువైపు పోయే కార్లను వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లం, రెండు చేతుల వేళ్లు చాలేవి. నాయిన ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు దఫ్తరులో గుమాస్తా. మా సందులో కారు కొన్న మొదటి మనిషి ఆయనే. నాలుగు చేతులు మారిన తెల్లటి కారది, వెనక తలుపు తెరుచుకోవాలంటే మోకాలితో ఒకసారి తన్నాలి. దాన్ని వెతికి పెట్టినవాడు యూసుఫ్‌గూడ దారిలో మెకానిక్ షెడ్డు నడిపే ఖాజా భాయ్. బండి అప్పగించే రోజున ఆయన ఆకుపచ్చ రంగు పూసిన పెద్ద రేకు డబ్బా ఒకటి తెచ్చి నాయిన చేతిలో పెట్టాడు.

"అన్నా, గీ బండికి దూప జాస్తి. గంటకోసారి నీళ్లు తాగిపియ్యాలె. గీ డబ్బా నువ్వు మరిస్తే, బండి నిన్ను మరుస్తది."

ఎండాకాలం సెలవుల్లో సముద్రం చూద్దామని నాయిన ప్రకటించిన నాటి నుంచి మా ఇంట్లో నిజంగా నిద్రపట్టనిది ఒక్క అత్తమ్మకే. అత్తమ్మ అంటే నాయిన అక్క సత్తెమ్మ. పందొమ్మిదేళ్లకు భర్త పోతే ఒక ఇనుప ట్రంకు పెట్టెతో తమ్ముడింటికి వచ్చి, మా వంటింట్లోనే జుట్టు నెరిసిపోయిన మనిషి. పప్పు ఎసరు మరుగుతుంటే గరిటె చేతిలో పట్టుకుని నన్నడిగేది: "అవురా బిడ్డా, గా నీళ్లకు అవుతలి ఒడ్డే ఉండదంటరు, నిజమా? మరి గవి ఎట్ల ఆగుతయ్?" నీలం రంగు చీర ఒకటి గంజి పెట్టి, మడతపెట్టి, ట్రంకు పెట్టె కింద అదిమి ఉంచింది. ఆ పెట్టె బరువే ఆమెకు ఇస్త్రీ. మూడు రోజులు పొయ్యి ముందు నుంచి లేవకుండా సర్వపిండి, మురుకులు, పులిహోర చేసింది. ఇల్లంతా నువ్వుల నూనె, వెల్లుల్లి, కరివేపాకు వాసన.

తాత ఊళ్లో పొలం దగ్గరే ఉండేవాడు, మా ఇంట్లో మాట నాయనమ్మదే. బయలుదేరే ముందు రోజు ఆమె తీర్పు చెప్పింది. నాయనమ్మ అంటే అత్తమ్మను కన్నతల్లే, అది మీరు గుర్తుంచుకోవాలి.

"బండికి మొదటి తొవ్వ. మంచిగ పోయి మంచిగ రానియ్యిరి. ఏమి కాకుంటె వచ్చే ఎండకాలం సత్తెమ్మను తోల్కపోదురు."

నాయిన లేచి బయటికి పోయి బండి అద్దాలు తుడవసాగాడు. అత్తమ్మ "గట్లనే అమ్మా" అంది. అంటే ఆమె సముద్రం మా ప్రయాణం మీద ఆధారపడింది. మాకు ఏ కీడూ జరగకపోతే ఆమె వచ్చే ఏడు చూస్తుంది, ఏదైనా జరిగితే ఎన్నటికీ చూడదు. నీలం చీర పెట్టె కిందే ఉండిపోయింది.

మర్నాడు తెల్లవారగానే సందంతా మా గేటు ముందే ఉంది. ఖాజా భాయ్ స్టీరింగ్ ముందు, పక్కన నాయిన, వెనక అమ్మ, నాయనమ్మ, నేను, మూడేళ్ల చెల్లె. చక్రాల కింద నిమ్మకాయలు. ఎదురు రావడానికి బిందెతో పక్కింటి ముత్తైదువను ముందే పిలిచి నిలబెట్టారు.

"అమ్మా, నిమ్మకాయ తొక్కిస్తే టైర్లకు సలువ చేస్తదా?" అన్నాడు ఖాజా భాయ్.

"నీ పని నువ్వు చూడు ఖాజా. నువ్వు స్టీరింగుకు కట్టిన నల్లదారం సంగతి నేనడిగిన్నా?"

ఖాజా భాయ్ నవ్వి ఇంజను తిప్పాడు. ఆ నవ్వులో ఇద్దరూ సమానులే.

అత్తమ్మను వెనక గదిలోకి పంపి తలుపు వేశారు. మాతో ఒకటే మాట: ఎవ్వరూ వెనక్కి తిరిగి చూడొద్దు. నేను చూశాను. సందు వైపు తెరుచుకునే వెనక గది కిటికీ చువ్వల మధ్య అత్తమ్మ ముఖం కనిపించింది. ఆమె చెయ్యి బయటకు చాపి గేటు వైపు చూపిస్తోంది, వేలు ఆడిస్తోంది, నోరు మాత్రం తెరవడం లేదు. నాకేమీ అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కటే, నేను తప్పు చేస్తూ దొరికిపోయానని. చప్పున ముఖం తిప్పేసుకున్నాను. నిమ్మకాయలు చితికాయి. బండి కదిలింది.

నల్గొండ దాటాక, చుట్టూ రాళ్లు తప్ప చెట్టు లేని చోట, బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నింది. ఖాజా భాయ్ దిగి డిక్కీ తీసి, లోపలి సామానంతా రోడ్డు మీద పెట్టి, నాయిన ముఖంలోకి చూశాడు. "డబ్బా ఏదన్నా?" డబ్బా మా గేటు పక్కన ఉంది. నిమ్మకాయలు సర్దడానికి నాయిన దాన్ని కింద పెట్టాడు. సందులో ఉన్న ఇరవై మంది కళ్లు నిమ్మకాయల మీద, బిందె మీద ఉన్నాయి, డబ్బా మీద ఒక్కరి కళ్లూ లేవు. ఒక్కరివి ఉన్నాయి గానీ ఆ మనిషిని గదిలో పెట్టి తలుపు వేశాం.

తాగడానికి తెచ్చిన కూజా నీళ్లు బండికి ఒక గుక్కకు చాలలేదు. ఖాజా భాయ్ నీళ్ల కోసం చేలకు అడ్డంపడి పోయాడు. చెల్లె ఎండకు సొమ్మసిల్లి అమ్మ ఒళ్లో తల వేలాడేసింది. దూరంగా చెలక లోంచి ఒకామె మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని పరుగున వచ్చి, చెల్లె నోట్లో చుక్కచుక్కగా పోసి, మిగిలింది నాయనమ్మకిచ్చింది. నాయనమ్మ గటగటా తాగింది. మజ్జిగ పోసినామె నుదుట బొట్టు ఉందో లేదో చూడలేదు. దాహం వేసినవాళ్లు చూడరు.

చెల్లె కళ్లు తెరిచాక నాయనమ్మ అడిగింది: "ఎవలన్న ఎనుకకు మల్లి చూసిండ్రా?"

"నేను చూడలే" అన్నాను. ఎవరూ అడగకముందే నేనే మొదట అన్నాను.

ఖాజా భాయ్ ఎక్కడినుంచో నీళ్లు మోసుకొచ్చి పోస్తే బండి మళ్లీ కదిలింది. తర్వాతి ప్రయాణమంతా నాకు ఎంత అందంగా గుర్తుందో చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంటే, మా హైదరాబాద్ మురికి ఇంత దూరం నడిచొచ్చిందా అని నాయిన వంతెన మీద బండి ఆపించి చూపించాడు. పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల దుమ్ము పడి చెట్లన్నీ ముసలివాళ్ల తలల్లా ఉన్నాయి. నరసరావుపేట వైపు రోడ్డు పక్క ఎర్రటి మిరప కల్లాలు, ఆ ఘాటుకు బండిలో అందరికీ ఒకటే తుమ్ములు. తుమ్మితే ప్రయాణం ఆపాలనే నాయనమ్మ మొదటి నాలుగైదు తుమ్ముల దాకా "జర ఆగు ఖాజా" అంది, తర్వాత ఆవిడే ఆగకుండా తుమ్మడం మొదలుపెట్టి శాస్త్రం వదిలేసింది. పొగాకు ఎండబెట్టే బ్యారన్ల తీపి ఘాటు, జీడిమామిడి తోటల ఇసుక, చీరాల సందుల్లో మగ్గాల టకటక, ఒక్కసారిగా గాలిలో చేపల వాసన, ఆ తర్వాత తాటిచెట్ల మధ్య నిటారుగా లేచి నిలబడ్డ నీళ్లు. చెల్లె భయపడి ఏడ్చింది. నేను అవతలి ఒడ్డు కోసం చూశాను, అత్తమ్మకు చెప్పాలి గదా.

వలలు బాగుచేసుకుంటున్న ఒక ముసలావిడ మమ్మల్ని చూసి నవ్వింది. "ఏంటి బాబూ, అట్టా నోరు తెరుచుకు చూస్తన్నావ్? మీ ఊళ్లో నీళ్లు లేవా ఏంటి?"

మర్నాడు చినగంజాం ఉప్పు మళ్లు చూపించాడు నాయిన. ఎండకు మెరిసే తెల్లటి కుప్పల మధ్య పనిచేసే ఒకాయన నా దోసిలి నిండా దొడ్డుప్పు పోశాడు. దాన్ని రుమాలులో మూటగట్టి నిక్కరు జేబులో పెట్టుకున్నాను.

ఇంటికి చేరగానే నాయనమ్మ కాళ్లు కూడా కడుక్కోలేదు. "కిటికీలకెల్లి చూసినవ్ గదనే? పసిపిల్ల పాణం మీదికొచ్చింది. ఇగ నీకు బండి లేదు, సముద్రం లేదు." అత్తమ్మ తల వంచుకుని చెల్లెను ఎత్తుకుంది. నాయిన కణతలు రుద్దుకుంటూ లోపలికి పోయాడు. డబ్బా ఇంకా గేటు పక్కనే, నిండా నీళ్లతో ఉంది. అప్పుడు నేను "అత్తమ్మ చెయ్యి చూపింది, నేనే ముఖం తిప్పుకున్న" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

రాత్రి అన్నాల తర్వాత వంటింట్లో ఆమెకు ఉప్పు మూట ఇచ్చాను. ఒక రవ్వ నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకుంది. "గింత ఉప్పగుంటదా?" అంది. నేను ఏడ్చాను. ఎందుకు అరవలేదు అని అడిగాను.

"ఎనుకకెల్లి పిలిస్తే అపశకునం బిడ్డా. ఎదురొస్తే ఇంకింత కీడు. నా నోటితోని మీకు కీడు ఎందుకని మూస్కున్న. నీకు చెయ్యి చూపెడితి గదా."

నా జీవితమంతా మూఢనమ్మకాల మీద వేదికలెక్కి ఎన్నో వాదాలు చేశాను, పండితుల నోళ్లు మూయించాను. అత్తమ్మ మాటకు మాత్రం ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆమె నమ్మింది. తనను గదిలో పెట్టిన నమ్మకాన్ని మా మీద ప్రేమతో నమ్మింది. మూఢనమ్మకం కోపంతో వచ్చి తలుపు తడితే దాన్ని తరిమేయడం తేలిక. అది మన కోసం మూడు రోజులు పొయ్యి ముందు కూర్చుని పులిహోర చేసి పెడుతుంది, మన కోసమే నోరు మూసుకుంటుంది. కీడును ఆపడానికని పెట్టుకున్న ఆచారమే ఆ రోజు కీడు తెచ్చింది, ఆ కీడునే మళ్లీ సాక్ష్యంగా చూపించి ఆ ఆచారం ఇంకా బలిసింది. ఇంతకంటే మంచి మోసం ఏ దొంగ చేయగలడు?

ఆ ఏడు మామిడికాయ తొక్కులో అత్తమ్మ ఆ ఉప్పే వేసింది. విస్తట్లో తొక్కు వేసిన ప్రతిసారీ "సముద్రం తినుండ్రి" అని నవ్వేది. నేను ఉద్యోగంలో చేరి సొంత బండి కొనేనాటికి ఆమె లేదు. ట్రంకు పెట్టె జరిపితే నీలం చీర కింద మడత మీదే ఉంది, అంచుల్లో చిరిగిపోయి.

ఇప్పుడు ఆ సందు మీదుగా మెట్రో పోతుంది. మా ఇల్లున్న చోట నాలుగంతస్తుల నిండా కోచింగ్ బోర్డులు. జామచెట్లు, గోడల మీది పిల్లలు, మోకాలితో తన్నే తలుపు, ఖాజా భాయ్ షెడ్డు, ఖాజా భాయ్, అన్నీ పోయాయి. కార్లు నీళ్ల డబ్బా అడగడం మానేశాయి. పోవాల్సినది ఒక్కటి మాత్రం భద్రంగా మా సెల్లార్ దాకా వచ్చింది.

నేను స్తంభం దగ్గరికి వెళ్లాను. "నువ్వు పోవడం లేదా అమ్మా?"

"వెళ్తున్నా అంకుల్. కారు గేటు దాటాక రోడ్డు మీద ఎక్కుతాను. అత్తయ్యగారికి కాస్త పట్టింపు. అలవాటైపోయింది లెండి." నవ్వింది కూడా.

ఇన్నేళ్లలో మనం సాధించిన సంస్కరణ ఇదన్నమాట. వెనక గది నుంచి స్తంభం దాకా తెచ్చాం. ఇంజను మోగింది. నేను ముఖం తిప్పుకోలేదు. గట్టిగా, వెనక నుంచే పిలిచాను: "బాబూ, ఆగు. మీ వదినను ఎక్కించుకుని కదులు."

ఆమె అత్తగారు కారు కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏంటండీ మాస్టారూ, శుభమా అని బయలుదేరుతుంటే వెనక నుంచి పిలుస్తారు?"

"పిలిచానండీ. ఇక వచ్చేదేదో నా మీదికే రానివ్వండి."

స్టీరింగ్ ముందున్న కుర్రాడు తల్లి వైపు చూశాడు, నా వైపు చూశాడు, కిందకు చూశాడు. అప్పుడు పెద్ద కోడలు ఫోన్ సంచిలో పెట్టుకుని, స్తంభం వెనక నుంచి వచ్చి, కారు ముందు నుంచే చుట్టూ తిరిగి, కుర్రాడి పక్క తలుపు తీసుకుని కూర్చుంది. బండి కదిలింది. నిమ్మకాయలు ఎప్పటిలాగే చితికాయి.

మీరు కూడా ఏదో ఒక సెలవు రోజున బండి తీస్తారు. తీసే ముందు మీ ఇంట్లోని తలుపులన్నీ ఒకసారి తెరిచి చూడండి. లోపల కూర్చున్న మనిషిని చెయ్యి పట్టి బయటకు తీసుకురండి, అందరికంటే ముందు ఎక్కించండి, ముందు సీట్లో కూర్చోబెట్టండి. ఆ చక్రాల కింది నిమ్మకాయలు తీసి, కడిగి, చల్లటి నీళ్లలో పిండి, చిటికెడు ఉప్పు వేసి ఆమెకివ్వండి. ఆమె తాగాకే బండి కదిలించండి.