సుత్తి లేని గంట

దెయ్యాల మాట వస్తే మా బిలాస్‌పూర్ మోప్కాలో అందరికంటే ముందు నవ్వేది నేనే. ఫలానా మలుపు దగ్గర తెల్లచీర కనబడిందని ఎవరైనా అంటే, "దాని ఫోన్ స్క్రీన్ పగిలిందేమో కనుక్కో, నా దగ్గరికి పంపించు" అనేవాడిని. తిఫ్రాలో నాది మొబైల్ రిపేరు కొట్టు. తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. తీగ తెగితే కరెంటు పారదని తెలియడానికి ఆ చదువు చాలు. ఇది తెగిన తీగ సంగతి కాబట్టే రాస్తున్నాను.

మా నాన్న రైల్వే కేబిన్‌లో పనిచేసేవారు. పక్క స్టేషన్‌కి బండి పంపాలంటే ముందు ఒక పెట్టె మీద మీట నొక్కి గంటలతో అడగాలి. ఇక్కడ నొక్కితే అక్కడి పెట్టె మోగుతుంది. అవతలివాడు అన్ని గంటలూ తిరిగి కొట్టి దారి ఇస్తేనే బండి కదలాలి. "ఒక్క గంట తగ్గినా బండి ఒగ్గకూడదురా" అనేవారు.

ఆ అలవాటు ఇంటికీ తెచ్చారు. డ్యూటీ దిగి వచ్చి క్వార్టర్ తలుపు మీద మూడు దెబ్బలు కొట్టి, కాస్త ఆగి ఇంకొకటి కొట్టేవారు. లోపలినుంచి అమ్మ గరిటెతో కంచం మీద అలాగే కొట్టేది. కోపంగా ఉన్నరోజు కొట్టేది కాదు. అది మోగేదాకా నాన్న మెట్టు మీదే కూర్చునేవారు. అది రైల్వే లెక్క కాదు, మా ఇంటి లెక్క. వాళ్ళిద్దరూ పోయాక అది తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం. నేను, నా భార్య సుధ.

సుధ బ్యాంకులో పనిచేస్తుంది. పెళ్ళయిన కొత్తలో నా వేళాకోళాలకి పడీపడీ నవ్వేది. గొంతు మార్చి ఫోన్ చేయడం నా విద్య. ఒకసారి వాళ్ళ మేనేజరునయ్యాను. ఒకసారి గ్యాస్ బండవాడినయ్యాను. ఒకసారి "మీ నాన్నగారికి ఒంట్లో బాలేదమ్మా" అని చెప్పే పక్కింటాయననయ్యాను. దానికి మాత్రం నవ్వలేదు.

రెండేళ్ళ తర్వాత మామగారికి నిజంగానే గుండెనొప్పి వచ్చింది. కబురు నా ఫోన్‌కే వచ్చింది. వెంటనే చెప్పాను. సుధ అరగంట నమ్మలేదు. మేం వెళ్ళేసరికి ఆయన లేరు.

ఆ తర్వాత మా ఇంట్లో కంచం మోగలేదు. నేను తలుపు మీద చాలాసార్లు కొట్టాను.

ఆమెకి విశాఖపట్నం బదిలీ ఆర్డరు వచ్చిన నెలలోనే, వారాంతానికి ఇంకో సెలవు కలిసి మూడు రోజులు దొరికాయి. సుధే అడిగింది.

"కలకత్తా పోదాం. పగలు మ్యూజియంలు నా ఇష్టం, సాయంత్రం గేములు మీ ఇష్టం. మూడ్రోజులు ఒక్క నాటకం ఆడకుండా ఉండగలరేటి? ఉంటే వైజాగ్‌లో ఇద్దరికీ ఇల్లు చూస్తాను. లేదంటే నా ఒక్కదానికే."

"నాలుగో రోజు ఆడొచ్చా?"

"ఇదిగో, ఇదే" అంది.

గేములంటే బల్ల మీద పరిచి ఆడేవి. మ్యాపులు, కార్డులు, చెక్క బండ్లు. మా ఇద్దరికీ మిగిలిన ఉమ్మడి పిచ్చి అదొక్కటే. మా ఊళ్ళో సదర్ బజార్ అంతా గాలించినా లూడోకి మించి దొరకదు. కలకత్తాలో అయితే టీ తాగుతూ గంటల తరబడి ఆడుకోవడానికి ప్రత్యేకంగా కొట్లే ఉన్నాయి.

మొదటి రోజు రాతి విగ్రహాల దగ్గర సుధ ప్రతి పలకా చదివింది. చదువు తప్పించుకోవడానికి బడి మానేసినవాడిని, గోడలు కూడా పాఠం చెబుతుంటే చేతులు కట్టుకుని నిలబడ్డాను. నా మొహం చూసి ఆమెకి నవ్వొచ్చింది. చాలాకాలానికి.

రెండో సాయంత్రం ఆడిన ఆటలో చెరో స్టేషన్. మధ్యలో పొగమంచు. ఇద్దరూ కలిసి బండ్లు దాటించాలి, మాట్లాడకూడదు. కావాలంటే బల్ల మీద తట్టొచ్చు. రెండుసార్లు బండ్లు గుద్దించుకున్నాం. మూడోసారి ఎటూ పాలుపోక మూడు తట్టాను, ఆగి ఒకటి.

సుధ చెయ్యి ఆగిపోయింది. చాలాసేపు కార్డుల్లోకే చూసింది. తర్వాత వేలి కణుపుతో తట్టింది. మూడు, ఆగి ఒకటి.

ఆట గెలిచాం. బయటికొస్తూ, "రెండు గదులది చూస్తాను లెండి. మీ గేము డబ్బాలకే ఒకటి కావాలి" అంది.

మూడో రోజు ఇంకో మ్యూజియానికి వెళ్ళాం. అందులో పాత రైల్వే సామాన్లకి ఒక హాలు ఉంది. ఉదయం పదకొండు గంటలు. కిటికీల్లోంచి ఎండ పడుతోంది. సుధ హాలు ఆ చివర పాత టికెట్లు చూస్తోంది. ఈ చివర నాకు నాన్న పెట్టె కనబడింది. అదే రకం. తాకవద్దని బోర్డు ఉంది.

తాకాను. తమాషాకి కాదు. నిన్నటి సంగతి నాన్నకి చెప్పాలనిపించింది, అంతే. మీట మూడుసార్లు నొక్కి, ఆగి ఒకసారి నొక్కాను. చప్పుడేమీ రాలేదు. చెయ్యి తీసేశాను.

రెండు ఊపిర్లు తీసుకునేంత సేపు గడిచింది. పెట్టె మీది గంట మోగింది. మూడు. ఆగి ఒకటి.

సుధ వెనక్కి తిరిగింది. కాపలా మనిషి పరుగున వచ్చాడు. అంటే విన్నది నేనొక్కడినే కాదు. ఇది గుర్తుపెట్టుకోండి.

వంగి చూశాను. వెనక తీగలు జానెడు దూరంలో కోసేసి ఉన్నాయి, కొసలకి దుమ్ము పట్టింది. గంట పక్కన సుత్తి ఉండాల్సిన చోట ఖాళీ కడ్డీ ఉంది. గంటని కొట్టేందుకు అసలు ఏమీ లేదు. కాపలా మనిషి తనూ మీట నొక్కి చూశాడు. చప్పుడు లేదు. నావైపు తిరిగాడు.

"మొబైల్ సే బజాయా క్యా?"

మొబైల్‌తో మోగించావా అన్న ఆ ఒక్క మాట చాలింది సుధకి.

భయమేస్తే నాకు నవ్వొస్తుంది, చిన్నప్పటినుంచీ. సుధ దగ్గరికొచ్చేసరికి నవ్వుతున్నాను.

"నిన్న నేను జవాబిచ్చాను కదా" అంది. "అది కూడా మీకు తమాషా అయిపోయిందేటి?"

"సుధా, నీ మీదొట్టు. నొక్కాను, అంతే. మోగించింది నేను కాదు."

"అచ్ఛా. మరెవరు? మీ నాన్నగారా?"

అవునంటే నాటకం. కాదంటే అబద్ధమో ఏమో. సుధ నా ఫోన్ తీసుకుని మొత్తం వెతికింది. ఏమీ దొరకలేదు.

"తుడిచేసుంటారు. మీ పనే అది కదా."

తిరుగు బండిలో పై బెర్త్ ఎక్కి గోడవైపు తిరిగి పడుకుంది. బిలాస్‌పూర్ వచ్చేదాకా కిందికి దిగలేదు. ఇప్పుడు వైజాగ్‌లో ఒంటిగది ఇంట్లో ఉంటోంది. గేముల డబ్బాలన్నీ నాకే వదిలేసింది. అవి ఒక్కడు ఆడేవి కావు.

కొట్టులో ఖాళీ దొరికినప్పుడల్లా ఆలోచిస్తాను. మీట స్ప్రింగు వెనక్కి తన్నిందా? తన్నినా సుత్తి లేదు. సుధే ఏదైనా చేసిందా? ఆమె హాలు ఆ చివర ఉంది, చేతిలో నీళ్ళ సీసా తప్ప ఏమీ లేదు. ఇంతమంది ఫోన్లు విప్పి జబ్బు చెప్పేవాడిని, దీనికి చెప్పలేకపోతున్నాను.

దెయ్యాల మీద నమ్మకం ఇప్పటికీ లేదు. నాన్నే కొట్టారనుకుందామన్నా మనసొప్పదు. ఆ జవాబు మోగాకే నేనూ సుధా గుద్దుకున్నాం. ముప్పై ఏళ్ళ డ్యూటీలో ఎదురుగా బండి ఉండగా ఆయన ఒక్కసారి కూడా దారి ఇవ్వలేదు.