బుట్టెడు ఆలిచిప్పలు

ఆమెను రేవులో అందరూ నీళ్లక్క అంటారు. వారం వారం పడవలో వెళ్లి సముద్రపు నీటిని సీసాల్లో పట్టి తెస్తుంది. ఆ నీటిలో విషపు నాచు పుట్టిందేమోనని మైక్రోస్కోపులో వెతకడం ఆమె ఉద్యోగం. కంటికి ఆనని ఆ నాచును ఆలిచిప్పలు మేస్తాయి. వాటికేమీ కాదు. తిన్న మనిషికే ప్రాణం మీదికొస్తుంది. ఉడికించినా ఆ విషం విరగదు.

ఆమెను పెంచింది అన్నయ్యే. ఆలిచిప్పలు ఏరి అమ్ముతాడు. నాచు కనబడిన రోజు, ఆలిచిప్పలు తినొద్దని తీరంలో బోర్డు పెట్టించి, ఆమె నేరుగా అతనింటికి వెళ్లింది. వాకిట్లో అప్పుడే ఏరుకొచ్చిన బుట్ట ఉంది.

"పారెయ్ అన్నయ్యా."

"నీళ్లు అద్దంలా ఉన్నాయి కదే! పోయినసారీ ఇలాగే బోర్డు పెట్టారు. ఎవడికైనా ఏమైనా అయిందా?"

"ఎవరూ తినలేదు కాబట్టి కాలేదు."

"నీ భూతద్దంలో చూస్తే నేనూ రాక్షసుడిలాగే ఉంటాను," అని పకపకా నవ్వాడు. "సరేలే, వీటిని అమ్మను."

అమ్మలేదు. పారేయడానికీ చేతులు రాలేదు. జ్వరంతో పడుకున్న వదినకు చెప్పకుండా నాలుగు ఉడకబెట్టుకుని తిన్నాడు. ముందు పెదాలు మొద్దుబారాయి. తర్వాత చేతులు. ఆసుపత్రికి చేర్చేసరికి ఊపిరి ఆగిపోయింది.

"అంత తెలిసినదానివి, బుట్ట లాక్కుపోకూడదా?" అంది వదిన. ఆపైన ఆమెతో మాట మానేసింది.

నీళ్లక్క కొద్ది రోజులకే మళ్లీ పడవెక్కింది. "ఇంకొకరిని పంపమనమ్మా," అన్నాడు పడవ నడిపే సరంగు. ఆమె వినలేదు. తెచ్చిన నీటిబొట్టును మైక్రోస్కోపు కింద పెట్టింది. పూసలు గుచ్చినట్టు వరసగా, చూడముచ్చటగా ఉంది ఆ నాచు. అంత అందంగా ఉన్నందుకు ఆమెకు కడుపు రగిలిపోయింది. కళ్లు తుడుచుకుని లెక్కపెట్టింది.

నాచు పోయింది, బోర్డు తీసేశారు. మరుసటేడు ఎండలు ముదరగానే మళ్లీ వచ్చింది. ఈసారి బోర్డును నమ్ముకోక, నీళ్లక్క ఇంటింటికీ బయలుదేరింది. ఏ తలుపు తట్టినా, "తెలుసమ్మా, ఇందాకే చెప్పి వెళ్లారు," అన్నారు.

వీధి చివర వదిన ఎదురైంది. ఎండకు ముఖం కందిపోయి ఉంది.

"ఈ వీధి అయిపోయింది," అంది వదిన, ఎటో చూస్తూ. "పైవీధికి నువ్వెళ్లు."

నీళ్లక్క తలూపి వెళ్లింది.