పడవ లేని బొమ్మ

ఎదురింటి పెయింటరు లాడ్జి గదులకు సముద్రం బొమ్మలు వేస్తాడు. పది బొమ్మలు వరసగా నిలబెట్టి, ముందు అన్నిటికీ ఆకాశం, తర్వాత నీళ్లు, ఆఖరున పడవలు వేస్తాడు. నురగ మాత్రం చిటికెన వేలితో అద్దుతాడు. తమ్ముడు చేపల వేటకెళ్లి తిరిగి రాని ఏడు, ఒక బొమ్మకు పడవ వెయ్యలేక గోడవైపు తిప్పి దాచుకున్నాడు. మొన్న ఒక బొమ్మ తక్కువైతే, అతని బొమ్మలు కొని లాడ్జీలకు అమ్మే షాపాయన దాన్ని బయటికి లాగాడు.

“ఇదేంటి బాబాయ్, ఇంత బోసిగా ఉంది? సరదాకొచ్చినవాళ్లు ఏడవాలా? ఒక పడవ పడెయ్యి.”

“అది మా తమ్ముడి కోసం వేసుకున్నాను, అబ్బాయ్. ఇవ్వను.”

“అయితే ఇకమీదట బొమ్మలన్నీ వేరేవాళ్లతో వేయించుకుంటాలే.”

పెయింటరు చాలాసేపు కుంచె కడిగి, పడవ వేశాడు. “లోపల మనిషిని కూడా వెయ్యనా?” అని మెల్లగా అడిగాడు.

“మనిషెందుకు బాబాయ్? పడవుంటే చాలు,” అన్నాడు షాపాయన.