టవలు కప్పిన కంప్యూటర్

టైలరు టేపును నా మెడ వెనక నుంచి ఎడమ భుజం మీదికి లాగి వేలితో అదిమిపెట్టాడు. అక్కడ ఎముక పక్కన చిన్న గుంట ఉంది. వేలు అందులో చక్కగా కూర్చుంది. "ఏమప్పా, ఈ పక్క భుజం కిందికి దిగిండాది. మూటలు మోసినావా?" అన్నాడు. "కంప్యూటర్ పని చేసినాను" అన్నాను. అతను నన్ను కింది నుంచి పైదాకా చూసి, నవ్వు బయటికి రాకుండా దారం పెదాల మధ్య పెట్టుకున్నాడు. అతని తప్పేమీ లేదు. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టరు నన్ను బయట నిలబడమన్నాడు. ఎంతసేపో చెప్పలేదు గనుక నేను ఇంకా బయటే ఉన్నాను. కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ళకు కళ్ళు పోతాయంటారు, మెడ పట్టేస్తుందంటారు. భుజం పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయివుంటాను. ఎందుకంటే ఆ కంప్యూటర్‌కు కాళ్ళూ చక్రాలూ నేనే.

దాన్ని తయారుచేసిన మనిషి పేరు గోవిందప్ప. బెంగళూరులో ఏదో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేసి, ఉద్యోగం వదిలేసి, మదనపల్లెలో రేడియోలు, టీవీలు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. తొంభైల నడిమి సంగతి ఇది. అప్పటికి నేను మదనపల్లె, పుంగనూరు మధ్య తిరిగే బస్సుల్లో దువ్వెనలు, పెన్నులు, చెవిలో గుబిలి తీసే పుల్లలు అమ్ముకునేవాణ్ణి. పెళ్ళయింది, ఒక పాప. ఒకరోజు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న బట్టతల ఆయనకు దువ్వెన అమ్మాను. కొన్న తర్వాత ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది నాకెందుకు పనికొస్తుందప్పా?" అని అడిగాడు. "వీపు గోక్కోవడానికి సార్, చెయ్యి అందనిచోట" అన్నాను. బస్సంతా నవ్వింది. ఆయన మాత్రం దువ్వెన జేబులో పెట్టుకుని, నాతోపాటు దిగి, "అక్కరలేనివాడికి అమ్మినావు. అక్కర ఉండేవాళ్ళకు అమ్మడం నేర్పిస్తాను, వస్తావా?" అన్నాడు. ఆ దువ్వెన గోవిందప్ప అంగడిలో చివరిదాకా ఉంది. టీవీల్లో దుమ్ము దులపడానికి వాడేవాడు.

అమ్మవలసిన సరుకును ఆయన 'సంచారి' అని పిలిచేవాడు. కుట్టుమిషను మీద మూసే పెట్టెంత ఉండేది. మూత తెరిస్తే అక్షరాల మీటలు, దాని పైన అరచేయంత తెర, కింద స్కూటరు బ్యాటరీ. ఎత్తుకుంటే ఈనడానికి సిద్ధంగా ఉన్న మేకను ఎత్తుకున్నట్టు ఉండేది. ఇంట్లోంచి బయటికి కదలని కంప్యూటరునే మా ఊళ్ళో చాలామంది చూడని కాలంలో, పల్లెపల్లెకూ తిరిగే కంప్యూటరు అది. గోవిందప్ప పొద్దున్నే ఎస్టీడీ బూత్‌కు పోయి మదనపల్లె, పుంగనూరు, కుప్పం మార్కెట్లలో తెలిసినవాళ్ళకు ఫోన్లు చేసి, ఆ పూట టమేటా ధరలు దాంట్లో ఎక్కించేవాడు. నేను దాన్ని మోసుకుని సదుం, సోమల సంతలకు పోయేవాణ్ణి. ఎక్కువసార్లు ఆయన కూడా వచ్చేవాడు. రైతు వచ్చి అడిగితే, అతని సరుకు ఏ మార్కెట్టుకు తోలితే మేలో పెట్టె చెప్తుంది. ఒక చూపుకు ఒక టీ ధర. ఊరికొక అంగడివాడు ఇలాంటి పెట్టె కొనుక్కుంటాడని, బెంగళూరులో ఒక కంపెనీ వీటిని పెద్దయెత్తున చేస్తుందని ఆయన లెక్క. ఉద్యోగం వదిలింది ఆ లెక్కను నమ్మి. ఇంట్లో ఆయన భార్య కూడా దాన్నే నమ్మి ఊరుకుంది.

మొదటివారం సోమల సంతలో నేను నా బస్సు గొంతు ఎత్తుకున్నాను. "ఈ పొద్దు పుంగనూరే మేలు! రండి, చూడండి!" అని అరిచాను. గోవిందప్ప నన్ను చెట్టు పక్కకు పిలిచి, "ఎవురికి మేలు?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "అడక్కుండా చెప్పేది రేడియో. ఇది రేడియో కాదప్పా. ముందు అడగాల. ఏ ఊరు, ఎన్ని బాక్సులు, కాయ పచ్చిదా పండిందా, బండి సొంతమా బాడుగా. ఇవన్నీ విన్నాక నోరు తెరువు" అన్నాడు. నిజంగానే పెట్టె కూడా అంతే. ఈ సంగతులన్నీ అడిగాకగానీ జవాబు ఇచ్చేది కాదు. బాగా పండిన కాయ ఉన్నవాణ్ణి దగ్గరి మార్కెట్టుకు పొమ్మనేది. గట్టి కాయ, సొంత బండి ఉన్నవాణ్ణి కుప్పం దాకా పంపేది. ఒకే సంతలో పక్కపక్కన నిలబడిన ఇద్దరికి రెండు ఊళ్ళు చెప్పేది. అడగకముందే మూడు జవాబులు చెప్పే అలవాటున్న నాకు, నోరు మూసుకుని ఎదుటివాడి మాట వినడం ఆ పెట్టెను మోయడంకంటే బరువైన పని అయింది.

పెట్టెకు ఒక జబ్బుంది. ఎండలో తెర మీద ఏమీ కనబడదు. మా వైపు ఎండ సంగతి తెలిసిందే. మొదటిసారి సోమలలో మునెమ్మక్క వచ్చింది. ఆమెకు రెండెకరాల టమేటా, భర్త లేడు, సేద్యమంతా తనే. అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. పెట్టెలోకి తొంగిచూసి, "ఏముందిరా దీంట్లో, నా మొగమే కనిపిస్తాండాది" అంది. గోవిందప్ప భుజం మీది టవలు తీసి పెట్టె మీదా ఆమె తల మీదా కలిపి కప్పాడు. లోపల ఆమె ఏదో గొణుక్కుంది, నవ్వింది, బయటికి వచ్చింది. అప్పటికే ఒక పదిమంది చుట్టూ చేరారు. "యాడికి తోలమనింది అక్కా?" అని ఒకడు అడిగాడు. "నాకు సెప్పింది నీకు యాల? నీ తల నువ్వు పెట్టుకోపో" అని చెంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ పూట ఒకరి వెనక ఒకరు తల దూరుస్తుంటే టీ తాగడానికి కూడా మాకు తీరలేదు.

నాకు అందులో వింత ఏమీ కనబడలేదు. మా పశువుల సంతలో బేరం టవలు కిందే జరుగుతుంది. కొనేవాడూ అమ్మేవాడూ గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ వందమంది ఉన్నా ఆ ధర ఆ రెండు చేతులకే తెలుసు. మావాళ్ళకు టవలు కిందిది నిజం, టవలు పైది సంత. పెట్టె ఆ టవలు కిందికి దూరేసరికి దానికి పరువు వచ్చింది. ఆ ఏడాది పుంగనూరులో ఒక ఎరువుల అంగడాయన, సదుంలో ఒక సైకిలు షాపతను తమకూ ఒక పెట్టె కావాలని అడిగారు. గోవిందప్ప భార్య మాకు మధ్యాహ్నం సంగటితోపాటు చట్నీ కూడా కట్టి పంపడం మొదలుపెట్టింది. వ్యాపారం పుంజుకుంటోందని నాకు తెలిసింది అప్పుడే.

బెంగళూరు కంపెనీ మనిషి పెట్టెను చూడడానికి పుంగనూరు వచ్చాడు. సంతలో ఒక ముసలాయన టవలు ముసుగేసుకుని పెట్టె మీద వంగి ఉండడం చూసి, "ఇదేమి గోవిందప్పా, పాతకాలం ఫోటో స్టూడియోనా?" అని నవ్వాడు. టవలు తీసి చూశాడు, ఏమీ కనబడలేదు. "గుడ్డ కప్పుకుని చూడవలసిన కంప్యూటరును ఎవరు కొంటారు? ఎండలో కనబడేట్టు చేయండి. పది మందికి ఒకేసారి కనబడాలి. అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో గోవిందప్ప టవలును మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. "టవలుంటే ఏమి సార్, జనం వస్తాండారు గదా" అన్నాను. "అది లోపమప్పా. లోపాన్ని దాచి అమ్మితే నీ దువ్వెన మాదిరే అవుతుంది" అన్నాడు.

కొన్ని నెలలు కష్టపడి కొత్త తెర చేశాడు. బస్టాండులో బోర్డు మాదిరి ఎర్రటి అక్షరాలు, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా దూరం నుంచి చదవొచ్చు. కంపెనీ మనిషిని సోమల సంతకు పిలిపించాడు. మునెమ్మక్కనే మొదట రమ్మన్నాం. పెట్టె అడిగింది, ఆమె చెప్పింది. గట్టి కాయ, పక్కింటివాళ్ళ లారీ అటే పోతోంది. 'కుప్పం' అని ఎర్రగా వెలిగింది. సంతంతా చదివింది. చదువు రానివాళ్ళకు వచ్చినవాళ్ళు చదివి వినిపించారు. కంపెనీ మనిషి చప్పట్లు కొట్టాడు. తర్వాతివాణ్ణి రమ్మని పిలిచాను. ఎవరూ రాలేదు. జవాబు తెలిసిపోయాక టీ డబ్బులు దండగ ఎందుకని, అందరూ మునెమ్మక్క జవాబే తమదనుకుని ఇళ్ళకు పోయారు.

మరుసటి రోజు సోమల చుట్టుపక్కల టమేటా అంతా కుప్పం చేరింది. బాగా పండినది, పచ్చిది, బాడుగ బండ్లలోది, అంతా. మధ్యాహ్నానికి అక్కడ అడిగే దిక్కు లేదు. దారిలో మెత్తబడిన కాయను రోడ్డు పక్కనే దిమ్మరించి వచ్చారు. ఆ తర్వాత రోజు మునెమ్మక్క అంగడికి వచ్చింది. అరుస్తుందనుకుని నేను ముందే ఒక జోకు సిద్ధం చేసుకున్నాను. ఆమె అరవలేదు. "సార్, నా జవాబు ఊరంతటికీ యాల సూపించినారు?" అంది. గోవిందప్ప చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కింద పెట్టి, "రేడియో చేసేసినాను గదమ్మా" అన్నాడు.

మళ్ళీ టవలు కప్పుదామని నేను చాలాసార్లు చెప్పాను. కప్పినా సంతలో ఎవరూ దగ్గరికి రాలేదు. ఒకసారి టవలు పైకి వచ్చింది మళ్ళీ కిందికి పోదు. కంపెనీ వాళ్ళు తెర చాలా బాగుందని చెప్పి, పెట్టె మాట ఎత్తలేదు. ఎరువుల అంగడాయన, సైకిలు షాపతను కూడా వద్దన్నారు. గోవిందప్ప మళ్ళీ టీవీల ముందు కూర్చున్నాడు. రెండువేల సంవత్సరం దాటాక, అందరి జేబుల్లోకీ ఫోన్లు వస్తున్న రోజుల్లో, ఒకసారి అడిగాను: "నిజంగా సెప్పు సార్, కంపెనీ ఆయన రాకుండా ఉంటే మన పెట్టె అమ్ముడుపోయేదా?" ఆయన దువ్వెనతో ఒక టీవీ వెనక దుమ్ము దులుపుతూ, "ఎవురికి అని ముందు అడుగు" అన్నాడు. పోయేదనే నా నమ్మకం. జనం దాన్ని కొనబోయింది లోపం ఉన్నప్పుడే. ఆయన పోగొట్టుకున్నది లోపాన్ని సరిచేసిన తర్వాతే. లోపమేదో సుగుణమేదో అరచేయంత తెర చెప్పదు, దాని మీద వంగిన తల చెప్తుంది. కిందటేడు గోవిందప్ప పోయాడు. పెట్టె వాళ్ళింటి అటక మీద ఉంది. మూత మీద ఇప్పటికీ టవలు కప్పి ఉంది, దుమ్ము పడకుండా.

నేను ఇప్పుడు టమేటా లోడ్లు కుదిర్చే పని చేస్తున్నాను. పొద్దున్నే మూడు మార్కెట్లకు ఫోన్లు చేస్తాను. రైతు ఫోన్ చేస్తే ముందు ఊరు అడుగుతాను, బాక్సులు, కాయ, బండి అడుగుతాను. ఆ తర్వాతే చెప్తాను, అతనికొక్కడికే. టైలరు దగ్గర నుంచి వస్తున్నప్పుడు మునెమ్మక్క ఫోన్ చేసింది. ఆమె సంగతి తేల్చాక, భుజం కథ చెప్పి, "మంచి పెట్టె అక్కా. అమ్ముడుపోలేదు, అంతే" అన్నాను.

"పోకేమప్పా?" అంది. "ఇన్నేండ్లుగా నేను ఫోన్ జేస్తాండేది ఆ పెట్టెకే గదా. కాకుంటే అప్పుడది ఇంత వాగేది కాదు."