మా వదిన, క్రేను, నా ల్యాప్‌టాప్

మా వదినకు 'కుదరదు' అన్న మాట చెవికెక్కదు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. అలాంటి ఇద్దరం ఒకే ఇంట్లో ఒకే ల్యాప్‌టాప్ పంచుకుని బతికి బట్టకట్టామంటే నాకే ఆశ్చర్యం.

వదిన పని కంటైనర్ యార్డులో. క్రేను పైన కూర్చున్న ఆపరేటరుకు కింద ఎండలో నిలబడి సైగలు చేస్తుంది. ఎత్తు, దించు, ఆపు. ఏళ్ల తరబడి అదే చేసి, ఒకరోజు ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండానే, "పైన కుర్చీ ఖాళీ అయింది. పరీక్షకు నేనూ పేరిచ్చాను" అంది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందట అని యార్డులో వెనకనుంచి ఎవరో నవ్వారట. పరీక్షకు అవకాశాలు రెండే. రెండూ పోతే ఇక ఎప్పటికీ కిందే.

ఇంట్లో సాధన చేయడానికి శిక్షణ కేంద్రం వాళ్లు క్రేను నడిపే ప్రోగ్రామూ, రెండు లివర్లూ ఇచ్చారు. కంప్యూటర్ మాత్రం మనదే ఉండాలి. ఇంకేముంది, నా ల్యాప్‌టాప్ మీద పడింది. నేను పుస్తకాలకు అట్టబొమ్మలు గీసే పని చేస్తాను, అదే నా అన్నం. గొణుక్కుంటూనే ఇచ్చాను.

పాపం అది అట్టలకే గానీ క్రేన్లకు పుట్టలేదు. వదిన లివర్ నెడితే తెర మీద బొమ్మ తీరిగ్గా కాసేపటికి కదిలేది. అందలేదేమోనని వదిన మళ్లీ నెట్టేది. అలా అలవాటు చేసుకున్న చేతులతోనే మొదటి పరీక్షకు అసలు క్రేను ఎక్కింది. అక్కడ ఆలస్యమేమీ లేదు, రెండో నెట్టుకు కంటైనర్ ఉయ్యాలలా ఊగింది. పరీక్షాధికారి ఆపేయించి, "ఒక్కసారి నెట్టాల్సిన చోట రెండుసార్లు నెడుతున్నారేంటమ్మా? ఎవరు నేర్పారు?" అని దింపేశాడు.

ఇంటికొచ్చి వదిన ఏడవలేదు. నా ల్యాప్‌టాప్ వంక చూసి, "నేర్పింది ఇదే" అంది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస" అన్నాను మండిపోయి. తర్వాత నేను కూర్చుని లివర్ నెట్టి చూశాను. మద్దెల నిజంగానే ఓడు.

రిపేరు షాపతను చూసి, "ఇందులో బొమ్మను నడిపే గ్రాఫిక్స్ చిప్ ఈ ప్రోగ్రాముకు చాలదమ్మా. ల్యాప్‌టాప్‌లో అది మార్చడం కుదరదు" అన్నాడు.

"లోపల కుదరకపోతే బయట పెట్టండి" అంది వదిన. వాదనకే అన్నది గానీ, అతను ల్యాప్‌టాప్ పక్కకు తిప్పి రంధ్రాలు చూసి, "పెట్టొచ్చు" అన్నాడు. పెద్ద కంప్యూటర్లలో వేసే గ్రాఫిక్స్ కార్డును విడిగా ఒక డబ్బాలో బిగించి, దానికి వేరే కరెంటిచ్చి, ఒక్క కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలపడం. వదిన స్కూటర్ అమ్మేసి ఎవరో వాడిన కార్డూ డబ్బా కొనుక్కొచ్చింది. యార్డుకు బస్సులో వెళ్లడం మొదలుపెట్టింది.

మొదటి రోజు డబ్బాలో ఫ్యాను తిరిగింది గానీ ల్యాప్‌టాప్ దాన్ని గుర్తిస్తే ఒట్టు. ల్యాప్‌టాప్‌కు రెండు పక్కలా ఒకేలాంటి రంధ్రాలు, మేం గుచ్చింది వట్టి చార్జింగుకే పనికొచ్చేది. మెరుపు గుర్తున్న దాంట్లో పెట్టాక క్రేను పరుగెత్తింది. అయినా వెంట్రుకవాసి ఆలస్యం మిగిలింది. షాపతనికి ఫోన్ చేస్తే, "బొమ్మ డబ్బాలో తయారై, మళ్లీ అదే కేబుల్లో ల్యాప్‌టాప్ తెరకు రావాలి కదమ్మా. వేరే మానిటర్ తెచ్చి డబ్బాకే తగిలించండి" అన్నాడు. ఇంట్లో ఉన్న మానిటర్ నాదే. గోరుచుట్టు మీద రోకటి పోటు.

ఇప్పుడు బొమ్మ చేతితో పాటే కదులుతోంది. కదలనిది వదిన అలవాటు. నెట్టాక చెయ్యి దానంతటదే మళ్లీ నెడుతోంది.

"అమ్మాయ్, చెక్క గరిటె తీసుకురా. రెండోసారి నెట్టినప్పుడల్లా చేతి మీద కొట్టు" అంది.

వదినే పిలిచి కొట్టమనడం ఏ ఆడపడుచుకు దక్కే భాగ్యం! మొదట్లో హుషారుగానే కొట్టాను. అన్నయ్య గుమ్మంలో నిలబడి, "చెల్లెలు పెళ్లాన్ని కొడుతుంటే టీ తాగుతూ చూసే మొగుణ్ని నేనొక్కణ్నే" అనేవాడు. రోజూ యార్డు నుంచి రాగానే అదే పని. వేళ్ల కణుపులు ఎర్రగా కమిలిపోయాయి. ఒకనాడు నావల్ల కాక గరిటె బల్ల మీద పడేశాను.

"నేను కొట్టను వదినా. చూడలేకపోతున్నాను."

"కొట్టు" అంది నావైపు తిరక్కుండానే. "ఇన్నేళ్లూ ఆ కంటైనర్ల కింద నిలబడింది నేనే. పైనున్నవాడి చెయ్యి ఎప్పుడు తప్పుతుందోనని గుండె గుప్పిట్లో పెట్టుకుని నిలబడ్డాను. నా చెయ్యి తప్పితే కింద ఇంకొకరుంటారు."

గరిటె మళ్లీ తీసుకున్నాను.

రెండో పరీక్ష రోజు నేనూ అన్నయ్యా యార్డు కంచె బయట నిలబడ్డాం. గాలి ఎక్కువగా ఉంది. ఆపుతారేమో అనుకున్నాం, ఆపలేదు. కంటైనర్ లేచింది. సగం దూరం వచ్చాక గాలికి ఊగింది. కింద సైగలిచ్చే మనిషి వెనక్కి జరిగాడు. ఊగిన వైపే ఒక్కసారి నెట్టి, వదిలేసి, ఆగాలి. క్రేను ఒకసారి కదిలింది. నాకు తెలియకుండానే నా చెయ్యి గాలిలోకి లేచింది, గరిటె పట్టుకున్నట్టే.

రెండో నెట్టు రాలేదు. ఊపు తగ్గింది. ఇంకా తగ్గింది. కంటైనర్ వెళ్లి లారీ మీద చప్పుడు లేకుండా కూర్చుంది.

మైకులో పరీక్షాధికారి గొంతు వినిపించింది. "చాలమ్మా. పాసయ్యారు. దిగండి."

వెంటనే వదిన గొంతు, యార్డంతా వినపడేలా. "ఇంకొక్కటి ఎత్తి దిగుతాను సార్!"

నేను ఏడ్చేశాను. కళ్లలో దుమ్ము పడిందా అని అన్నయ్య అడిగాడు. లేదు, ఏడుస్తున్నాననే చెప్పాను.