తిరిగి చెప్పమన్న పెద్దమ్మ

మొన్న శుక్రవారం మధ్యాహ్నం క్లినిక్ నుంచి ఇంటికి నడుస్తుండగా నర్సాపురం నుంచి ఫోన్ వచ్చింది. పెద్దమ్మ చెల్లెలు. "మీ పెద్దమ్మ వెళ్ళిపోయిందమ్మా. తెల్లారగట్ట, నిద్దట్లోనే. బాధేం పడలేదు," అన్నారామె. నేను దుబాయ్‌లో కరామా బస్టాపు నీడలో నిలబడి ఆ మాటలే మళ్ళీ ఆమెకు అప్పజెప్పాను. "తెల్లవారుజామున. నిద్రలో. బాధ పడలేదు." ఆమె ఏడుస్తూనే నవ్వారు. "అక్క పెంపకమే నువ్వు. మాక్కూడా అదే గోల కదమ్మా, తిరిగి చెప్పు, తిరిగి చెప్పు అని."

పెద్దమ్మకూ మాకూ చుట్టరికమేమీ లేదు. ఆమెది గోదావరి ఒడ్డు, మాది జగిత్యాల దగ్గర పల్లె. ఆమె ఇక్కడి ఒక ఆస్పత్రిలో ఇరవై ఏళ్ళకు పైగా నర్సుగా చేశారు. అమ్మా నాన్నా ఆమెను సిస్టరమ్మ అనేవారు. నాకు మాత్రం మొదటి వారం నుంచే పెద్దమ్మ.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మా నేనూ దుబాయ్ వచ్చాం. నాన్న అప్పటిదాకా అల్ వర్సాన్‌లో కంపెనీ పనివాళ్ళ క్యాంపులో ఉండేవాడు. పని చేస్తూ చేస్తూ ఏసీ మెకానిక్ అయినవాడు. మమ్మల్ని పిలిపించుకున్నది నన్ను బడిలో వేయడానికే. మా ఇంట్లో నాకు ముందు బడికి వెళ్ళినవాళ్ళు లేరు. నాన్న సంతకం నేర్చుకున్నాడు, అప్పటికి అమ్మకు అదీ రాదు. కరామాలో ఒక పాత ఫ్లాట్‌లో ఒక గది మాది, ఇంకో గది పెద్దమ్మది. హాల్లో చెక్క అడ్డం పెట్టుకుని, బర్ దుబాయ్ బట్టల దుకాణంలో పనిచేసే ఒక జంట ఉండేవారు, నేను అన్నా వదినా అని పిలిచేదాన్ని. అందరికీ కలిపి ఒకటే వంటగది.

వచ్చిన నాలుగో రోజో ఐదో రోజో, అమ్మ పొయ్యి మీద కుక్కర్‌లో పప్పు పెట్టి నన్ను బడి బస్సు ఎక్కించడానికి కిందికి దిగింది. బస్సు ఆలస్యమైంది. తిరిగి వచ్చేసరికి ఫ్లాటంతా మాడు వాసన. నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకున్న పెద్దమ్మ లేచి పొయ్యి ఆపి, కిటికీలన్నీ తెరిచి కూర్చున్నారట. అమ్మ తిట్లకు సిద్ధపడి తల వంచుకుంది.

"చూడమ్మాయ్, మా వార్డులో డ్యూటీ దిగేటప్పుడు పేషెంట్‌ని ఇంకొకరికి అప్పజెప్పకుండా గడప దాటం. ఏం మందిచ్చాం, ఏం మిగిలింది, అన్నీ చెబుతాం. అవతలి మనిషి తిరిగి చెప్పాలి. 'సరే' అంటే ఒప్పుకోం. సరే అనడానికి చెవులక్కర్లేదు."

"గీ పప్పుకు గింత కథనా సిస్టరమ్మా?" అని అమ్మ నవ్విందట.

"పప్పుతో అలవాటు చేసుకో. రేపు పిల్లని అప్పజెప్పాలి కదా."

అలాగే అయింది. అమ్మ ఇళ్ళల్లో పనికి కుదిరాక నన్ను రోజూ ఒకరికొకరు అప్పజెప్పుకునేవారు. "అన్నం తిన్నది. లెక్కలు మిగిలినయి. దగ్గున్నది, ఐస్ క్రీం అడిగితే ఇయ్యకు" అని అమ్మ చెబితే, పెద్దమ్మ ఒక్క మాట పోకుండా తిరిగి చెప్పేవారు. ఐస్ క్రీం దగ్గర నా వైపు చూసి మరీ చెప్పేవారు. హాల్లో అన్న అప్పుడప్పుడు ఏడిపించేవాడు. "సిస్టరమ్మా, స్నానానికి పోతున్న. తిరిగి చెప్తవా?" "అక్కర్లేదు బాబూ, నీళ్ళు మిగిల్చు చాలు," అనేవారు ఈమె.

ఆమెతో ఉండటం ఎప్పుడూ హాయిగా ఉండేదని చెప్పను. సెలవు రోజున ఎండు మెత్తళ్ళ చేపలు వేయించారంటే సాయంత్రం దాకా మా బట్టలకు అదే వాసన. అమ్మ ముక్కు మూసుకుంటే, "మీ సర్వపిండి పొగకి నేనేమన్నా అన్నానా?" అని ఎదురు తిరిగేవారు. ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న తెల్ల ప్లాస్టర్ చుట్ట ఒకటి వంటగదిలో ఎప్పుడూ ఉండేది. దాన్ని ముక్కలు కత్తిరించి ప్రతి డబ్బా మీద అంటించి రాసేవారు. ఉప్పు. చక్కెర. ధనియాలు. తన పెన్ను మీద కూడా పేరు రాసి అంటించుకున్నారు, వార్డులో పెన్నులు నిలవవని. డ్యూటీ నుంచి వచ్చి బకెట్‌లో వేడినీళ్ళు, కాస్త ఉప్పు వేసుకుని కాళ్ళు పెట్టుకుని కూర్చునేవారు. ఆ ఉప్పు కోసం అమ్మను పంపి, "ఏ డబ్బా? చదివి తీసుకురా," అనేవారు. మా అమ్మ అక్షరాలు నేర్చుకున్నది ఆ డబ్బాల మీదే. అలా ఆమె చదివిన మొదటి మాట ఉప్పు.

ఇక నేను నిజంగా చెప్పాలనుకున్నది 2020లో జరిగింది.

నేను అప్పుడు పదకొండో తరగతి. క్లాసులు నాన్న ఫోన్‌లో నడుస్తున్నాయి. పెద్దమ్మ నెలల తరబడి కరోనా వార్డులో పనిచేస్తూ ఆస్పత్రి బసలోనే ఉండి, చివరికి ఫ్లాట్‌కు తిరిగొచ్చారు. అయినా మా దగ్గరికి రాకుండా వంటగది గుమ్మం అవతలి నుంచే అప్పజెప్పులు సాగించేవారు. ఒక శుక్రవారం సాయంత్రం నాన్న ఆ గుమ్మం దగ్గరికే వచ్చి నిలబడ్డాడు.

"సిస్టరమ్మా, మేం ఊరికి పోతున్నం. కంపెనీ ముదీర్ పిలిచి పని ఖలాస్ అన్నడు. వీసా గూడ కాన్సిల్."

"ఎవరెవరు వెళుతున్నారు?"

"ముగ్గురం."

"మరి పిల్ల చదువు?"

నాన్న నా వైపు చూడలేదు. "ఆడికి వోయినంక సూద్దాం తియ్."

మా ఊరికి దగ్గరి కాలేజీ అంటే రెండు బస్సులు మారాలి. పైగా అది సగం గడిచిన సంవత్సరం. నేను చదివేది ఒకటి, అక్కడ చెప్పేది ఒకటి. 'సూద్దాం' అంటే ఏమిటో అందరికీ తెలుసు.

పెద్దమ్మ చేతులు తుడుచుకున్నారు. "తమ్ముడూ, 'చూద్దాం' అని చార్టులో రాయడానికి లేదు. ఏమవుద్దో అదే చెప్పాలి. నేను చెబుతాను, నువ్వు తిరిగి చెప్పు. 'నా బిడ్డ బడి ఈ నెలతో ఆగిపోద్ది.' అను."

"ఎందుకు సిస్టరమ్మా..."

"అను. చెప్పగలిగితే వెళ్ళు. నేనేం అడ్డు రాను."

నాన్న గొంతు సవరించుకున్నాడు. "నా బిడ్డ బడి..." అని ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "నా బిడ్డ బడి ఈ నెల..." కుక్కర్ కూత వేసింది. ఎవరూ దాని వైపు తిరగలేదు. నాన్న గోడకు చెయ్యి ఆనించి, "నాతోని కాదక్కా," అన్నాడు. ఆమెను అక్కా అని పిలవడం అదే మొదటిసారి.

"అయితే ఇది విను," అన్నారు పెద్దమ్మ. "మా ఆస్పత్రిలో ఏసీలు చూసే కాంట్రాక్టు వాళ్ళకి మనుషులు లేరు. వార్డుల్లోకి రమ్మంటే ఎవరూ రావట్లేదు. భయం లేదని నేననను, నాకూ ఉంది. జాగ్రత్త ఎలాగో మాత్రం నేర్పుతాను."

మూడో రోజు పొద్దున నాన్న వంటగది గుమ్మం ముందు నిలబడి, "నేర్పు అక్కా," అన్నాడు. ఆమె అటు నిలబడి చూపిస్తుంటే ఇటు నాన్న చేసేవాడు. మాస్కు ఎలా పెట్టుకోవాలి, గ్లౌజులు లోపలి వైపు బయటికి వచ్చేలా ఎలా తీయాలి, ఏది ముందు తీయాలి, చేతులు ఎప్పుడు కడగాలి. ప్రతిదీ నాన్న తిరిగి చెప్పాలి. ఒక్క మెట్టు తప్పితే మొదటి నుంచి. అమ్మ ఉల్లిపాయలు కోస్తూ, "పెండ్లినాడు గూడ గింత సేపు తయారు గాలె," అంది. ఇంట్లో ఆ వారంలో మొదటి నవ్వు అది. నేను ఫోన్‌లో మైక్ ఆపి మరీ నవ్వాను.

కొత్త కంపెనీ మీద నాన్నకు వీసా అయింది. అతని వెనక మాకూ అయింది. మొదటి రోజు యూనిఫాం వేసుకుని బయల్దేరుతూ నాన్న తలుపు దగ్గర ఆగి, ఎవరూ అడగకుండానే మెట్లన్నీ వరసగా చెప్పాడు. పెద్దమ్మ తన గది తలుపు సందులోంచి విన్నారు. "పో. యల్లా," అన్నారు. నాన్న ఇప్పటికీ ఆ ఆస్పత్రిలోనే పనిచేస్తున్నాడు. నేను పన్నెండో తరగతి పాసయ్యాను. ఒక క్లినిక్‌లో బీమా కాగితాలు చూసే ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నాను. మా వాళ్ళు ఈ ఊరికి వచ్చి ఎంతో కష్టపడ్డారు. కానీ నా చదువు నిలిచింది ఆ సాయంత్రం నాన్న ఆ ఒక్క వాక్యం పూర్తి చేయలేకపోయినందువల్లే అని నేను నమ్ముతాను.

రెండేళ్ళ కిందట పెద్దమ్మ ఉద్యోగం ముగించుకుని ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు వంటగదిలో ఒక్కో డబ్బా పట్టుకుని అమ్మకు అప్పజెప్పారు. విమానాశ్రయం నుంచి మూడుసార్లు ఫోన్ చేసి గ్యాస్ ఆపారా అని అడిగారు. నాకు మాత్రం ఒకటే. "డిగ్రీ చేతికొచ్చేదాకా ఆపను. తిరిగి చెప్పు." చెప్పాను. ఆ తర్వాత ప్రతి నెలా ఫోన్ చేసి ఎన్ని పరీక్షలు మిగిలాయో అడిగేవారు. నేను చెప్పిన అంకె ఆమె తిరిగి చెప్పేవారు. రెండు వారాల కిందట కూడా. "రెండు," అన్నాను. "రెండు," అన్నారు. గొంతు కొంచెం నీరసంగా ఉంది. ఎండలకేమో అనుకున్నాను. ఎలా ఉన్నారని అడిగితే "బాగానే ఉన్నానమ్మా" అన్నారు. ఆ ఒక్కటీ నేను తిరిగి అడగలేదు.

ఆ రెండు పరీక్షలూ వచ్చే నెలలో. రాస్తాను. పాసవుతాను కూడా.

నిన్న పొద్దున అమ్మ పనికి బయల్దేరుతూ పొయ్యి మీద కుక్కర్ పెట్టింది. చెప్పులు వేసుకుని, తలుపు పట్టుకుని, నా వైపు తిరిగింది. "పప్పు వెట్టిన. మూడు కూతలకు ఆపు. ఉప్పు ఎయ్యలే. నాయిన పది గంటలకొస్తడు." ఆగింది. "రెండు పరీక్షలు మిగిలినయి."

నేను తిరిగి చెప్పాను. పప్పు, మూడు కూతలు, ఉప్పు వేయాలి, నాన్న పదింటికి. చివరిదాని దగ్గరికి వచ్చి ఆగాను. అమ్మ తొందరపెట్టలేదు. లిఫ్ట్ వచ్చి తలుపులు తెరుచుకుని, మూసుకుని వెళ్ళిపోయినా, నేను "రెండు పరీక్షలు" అనేదాకా అలాగే నిలబడి, అప్పుడు గడప దాటింది.

మూడో కూతకు పొయ్యి ఆపి ఉప్పు డబ్బా అందుకున్నాను. పెద్దమ్మ అంటించిన ప్లాస్టర్ అంచులు లేచి, అక్షరాలు దాదాపు చెరిగిపోయాయి. దాన్ని అమ్మ పీకేయలేదు. దాని కిందే కొత్త ముక్క అంటించి, కొంచెం వంకరగా, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: ఉప్పు.