పూర్తి శ్రుతికి బిగించిన మాండోలా

2007లో పుదుచ్చేరిలోని ఒక ప్రైవేటు సంగీత పాఠశాలలో తంత్రీవాద్యాల ఉపాధ్యాయుడిగా చేరాను. పాఠం చెప్పడంతోపాటు కొత్తవాళ్లకు వాద్యం ఎంచిపెట్టడం కూడా నా పనే.

ఆ ఏడాదే దగ్గర్లోని విల్లియనూరు నుంచి కమల వాద్యం నేర్చుకోడానికి వచ్చింది. తరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. భజనల్లో పాడేది. గొంతుకు ఆపరేషన్ జరిగాక మాట గుసగుసగా మిగిలింది, పాట పోయింది. పాడే రోజుల్లో ఆమెది మంద్రస్వరమని విని మాండోలా సూచించాను. మాండొలిన్‌కు ఉన్నట్టే దానికీ నాలుగు జతల తీగలు. బుర్ర పెద్దది, శ్రుతి తక్కువ.

ఆమెను వాద్యాల దుకాణానికి తీసుకెళ్లాను. ఆమె స్తోమతకు తగినవి అక్కడ రెండే ఉన్నాయి. ఒకటి నగిషీలతో మెరుస్తోంది. రెండోది సాదాది, రంగు వెలిసింది. కమల మెరిసేదాన్ని ఒళ్లో పెట్టుకుని, తీగలు మెత్తగా ఉన్నాయని సంతోషించింది. వదులుగా ఉండబట్టే అవి మెత్తగా ఉన్నాయి. పూర్తి శ్రుతికి బిగిస్తే వాద్యం మెడ మీద తీగల లాగుడు బాగా పెరుగుతుంది. చవక వాద్యాల లోపం అప్పుడే బయటపడుతుంది. దుకాణదారుడి అనుమతితో దాన్ని నేను అందుకుని, తీగలు బిగించే బిరడాలు తిప్పడం మొదలుపెట్టాను.

చెక్క కిర్రుమంది. కమల వెనక్కి జరిగి గొంతు మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏంది సార్, ఇంత బిగిస్తా ఉండారు? విరిగితే ఎట్ట?"

నాకూ అదే గుబులు. తీగ తెగితే కంటికి తగలొచ్చు. అంతకంటే, ఆమె కళ్లెదుట వాద్యం విరిగితే ఇక దేన్నీ ముట్టుకోదేమోనని భయం. ఆపేద్దామనిపించింది. కానీ ఇప్పుడు ఆపితే, లోపమే ఉంటే అది ఆమె ఇంట్లో, ఆమె ఒళ్లోనే విరుగుతుంది. చివరి జత బిగిస్తుండగా టప్పుమని మెడ అతుకు విడిపోయింది.

"ఇదీ పోయిందా సార్, నా గొంతు మాదిరే?"

జిగురు సరిగా పట్టలేదని దుకాణదారుడు ఒప్పుకుని దాన్ని పక్కన పెట్టాడు. రెండోదాన్ని తీయగానే కమల గుమ్మం దాకా వెళ్లిపోయింది.

"నాకొద్దు సార్. ఇంకోటి విరగడం చూడలేను."

బలవంతపెట్టలేదు. బిరడా ఆమెనే తిప్పమని, భయం వేసినచోట ఆగమని చెప్పాను. చాలాసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ ఇద్దరం అతుకుకేసి చూశాం. మెడ కదల్లేదు. నిలుస్తుందో లేదో చూద్దామని వాద్యాన్ని పూర్తి శ్రుతిలో వదిలి, పక్క హోటల్‌కు కాఫీకి వెళ్లాం. ఆమె గ్లాసు ముట్టనే లేదు. తిరిగొచ్చేసరికి శ్రుతి దాదాపు అలాగే ఉంది. కమల మంద్రపు తీగ మీటి, చెవి చెక్కకు ఆనించింది.

"యాడో నేనే పాడతా ఉన్నట్టుండాది" అంది.

తీగలు వేళ్లకు బిరుసుగా ఉన్నాయని కాస్త సన్నవి వేయించాను. ఆమె ఆ వాద్యం మీదే నేర్చుకుంది.

ఆ తర్వాత కొత్తవాళ్ల కోసం ఏ వాద్యం చూసినా దుకాణంలోనే పూర్తి శ్రుతికి బిగింపజేశాను. బిరడా మాత్రం కొనేవాళ్ల చేతికే ఇచ్చాను. భయం వేసినచోటల్లా ఆగుతూ కూడా శ్రుతి చేయవచ్చు.